కోట ఎక్కని మధ్యాహ్నం

మా అత్తగారు లియోనీ ఆగస్టు నెలలో, ఎండలు మండిపోతున్న రోజుల్లో, తెల్లవారుతుండగా పోయింది. అదే చలికాలమైతే ఊళ్ళో ఉండేది మేం గుప్పెడు మందిమే కాబట్టి ఒకరి తర్వాత ఒకరు వచ్చి శవం దగ్గర కూర్చునేవాళ్ళు. ఆగస్టులో మా ఊరు కాస్టెల్‌మురెల్ మాది కాదు. పొద్దున్నే కింద మైదానంలో బస్సులూ కార్లూ ఆగుతాయి. కోట చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆ ఇరుకు సందుల్లోంచి ఒగుర్చుకుంటూ పైకి వస్తారు. మా గుమ్మాల ముందు నిలబడి ఊపిరి పీల్చుకుంటారు, మా గోడలు తడుముతారు, మా పిల్లులకు ఫోటోలు తీస్తారు.

మా ఇల్లు సరిగ్గా కోట ద్వారం కింద ఉంటుంది. మాకు రెండిళ్ళ అవతల పంచాయతీవాళ్ళు పాతకాలపు ఇల్లంటూ ఒకటి తయారుచేసి పెట్టారు. రాట్నం ముందు ఒక బొమ్మ, పొయ్యి దగ్గర ఒక బొమ్మ, పందిరి మంచం మీద ఒక ముసలి బొమ్మ. ఒళ్ళంతా గడ్డి, మొహాలు మాత్రం మైనం. ఆ ఇంటికి దారి చూపించే బాణం గుర్తు ఒక మేకు మీద వేలాడుతూ, కాస్త గాలి వీస్తే మా తలుపు వైపు తిరిగేది. దాంతో ఎవరో ఒకరు మా ఇంట్లోకి వచ్చెయ్యడం మామూలే. ఒకసారి ఒకాయన నేరుగా వంటింట్లోకి వచ్చి కుండ మూత తీసి, నిజంగానే ఉడుకుతోందే అని పెళ్ళాన్ని పిలిచాడు. మా ఆయన ఉర్బేన్ అక్కడే కూర్చుని చెప్పులు కుట్టుకుంటున్నాడు. తల ఎత్తకుండానే, "ఉప్పు సరిపోయిందేమో చూసి వెళ్ళండి" అన్నాడు.

ఆ రోజు అలాంటి హాస్యాలకు ఓపిక లేదు. అత్తగారు మంచం పట్టి ఏళ్ళయింది. తుంటి విరిగినప్పటి నుంచీ ఆవిడను ఎత్తడం, తిప్పడం, కడగడం అన్నీ నేనే. చివరి వారం రాత్రీ పగలూ తేడా లేదు. ఉర్బేన్ పాపం కాసేపు కూర్చునేవాడు గానీ, ఆయనకు తెల్లవారకముందే ఆవుల పని. ఆవిడ ప్రాణం పోయాక నాకు ఏడుపు రాలేదు. ఇక ఎవర్నీ ఎత్తనక్కర్లేదని మాత్రం అనిపించింది. అనిపించాక కూడా నడుం నొప్పి తగ్గలేదు.

ఒళ్ళు తుడిచి, ఆవిడే ఎప్పుడో తీసి పెట్టుకున్న నల్ల గౌను తొడిగాను. వేళ్ళకు జపమాల చుట్టాను. మా వైపు ఆచారం ప్రకారం కిటికీలు మూసి, అద్దం మీద గుడ్డ కప్పి, గోడ గడియారం ఆపాను. మంచం పక్క బల్ల మీద కొవ్వొత్తి వెలిగించి, మంత్రించిన నీళ్ళ గిన్నె, అందులో ఆకుల రెమ్మ ఒకటి పెట్టాను. వచ్చినవాళ్ళు ఆ రెమ్మతో శవం మీద నాలుగు చుక్కలు చల్లి, సిలువ గుర్తు వేసుకుంటారు. ఉర్బేన్ పాత వ్యాను తీసుకుని, శవపెట్టె సంగతీ పాదిరిగారి సంగతీ చూడ్డానికి టౌనుకు వెళ్ళాడు. పొరుగింటి మదాం కజాల్ వచ్చి నీళ్ళు చల్లి కాసేపు కూర్చుని, కోళ్ళకు గింజలు వేసి ఎండ తగ్గాక వస్తానని వెళ్ళింది. ఆవిడకూ ఎనభై దాటాయి, చెవులు వినపడవు. చావింటి తలుపు ఇరుగుపొరుగు కోసం ఓరగా తీసి ఉంచాలి. అలాగే ఉంచాను.

శవాన్ని ఒంటరిగా వదలకూడదు. కానీ ఆ చీకటి గదిలో కూర్చుంటే కళ్ళు మూతలు పడుతున్నాయి. వంటింట్లోకి వచ్చి మొహాన నీళ్ళు కొట్టుకుని ఒక్క నిమిషం బల్ల మీద మోచేతులు ఆనించాను. వంటింటికీ ఆ గదికీ మధ్య తలుపు లేదు, గళ్ళ తెర ఒకటే.

అప్పుడు అడుగుల చప్పుడైంది. ఒక కాలు మామూలుగా పడుతోంది, ఇంకో కాలు ఈడుస్తున్నట్టుంది. మదాం కజాల్ అనుకున్నాను. తర్వాత నీళ్ళల్లో ఏదో బుడుంగున పడిన చప్పుడు. మంత్రించిన నీళ్ళ గిన్నెలో ఎవరో నాణెం వేశారు. ఫ్రాంకులు చెల్లే రోజులు అవి.

కుర్చీ కిర్రుమంది.

"అమ్మయ్య," అంది ఒక ఆడగొంతు. "ఏం పెద్దమ్మా, నీకిక్కడ చల్లగా బాగుంది. కాసేపు కూర్చుంటా, ఏమీ అనుకోకు."

లేచి వెళ్ళి, ఇది ప్రదర్శన కాదమ్మా అని చెప్పాలి. చెప్పాలనే అనుకున్నాను. కాళ్ళు లేవలేదు. పైగా ఆ గొంతులో వెటకారం లేదు. అత్తగారికి చెవులు మందగించాక ఇంట్లో అందరం ఆవిడతో అరిచే మాట్లాడేవాళ్ళం. ఇంత నెమ్మదిగా, పక్కింటి మనిషితో చెప్పుకున్నట్టు ఆవిడతో ఎవరూ మాట్లాడి చాలా కాలమైంది.

ఆ మనిషి బూట్లు విప్పుకుంది. వాటిని పక్కన పెట్టిన చప్పుడు వినిపించింది. మోకాలు రుద్దుకుంటూ మాట్లాడుతోంది. నిన్న నాజాక్ అట, మొన్న కోర్డ్ అట, అంతకుముందు పేరు కూడా గుర్తులేని ఇంకేదో కోట. అన్నీ కొండ మీదే. కట్టినవాళ్ళలో ఒక్కడికైనా మోకాళ్ళ నొప్పులున్న తల్లి లేదా అని అడిగింది. అత్తగారు బతికుంటే దీనికి తప్పకుండా ఒక జవాబు చెప్పి ఉండేది.

ఆ తర్వాత మొగుడి సంగతి ఎత్తింది. ఆయన పేరు నార్బెర్. తులూజ్ నుంచి ఈ లోయలోకి గూడ్సు బండ్లు నడిపేవాడు, ఎక్కువగా రాత్రి బండ్లే. సొరంగంలోంచి బయటపడగానే కొండ మీద కోట, దాని వెనక చంద్రుడు కనపడేవట. బండి ఆపి చూసే వీల్లేదు. ఉద్యోగం అయిపోయాక అన్నీ ఎక్కి చూస్తానని అప్పుడే అనుకున్నాడట. ఇప్పుడు ఏటా వేసవికాలం అదే పని.

"ఒక సంగతి చెప్పనా పెద్దమ్మా," అంది ఆవిడ. "ఇంట్లో మా ఆయన నోరు విప్పడు. పేపరు, సూపు, మంచం, అంతే. ఎన్ని రోజులైనా అలాగే ఉండగలడు. ఒంటరిగా ఇంజను నడిపిన అలవాటు. కోట కనిపిస్తే మాత్రం మనిషి వేరు. ఏ గోడ ఎవడు కట్టాడో, ఎవడు కూలగొట్టాడో, నా చెయ్యి పట్టుకుని చెబుతాడు. నన్ను చూసి చెబుతాడు. అందుకని ఎక్కుతున్నా. ఎక్కడం మానేస్తే ఆ మాటలు కూడా పోతాయి. ఇంక నా వల్ల కావడం లేదు. ఇవాళ కింద కూర్చుని నిమ్మరసం తాగుతా, నువ్వు వెళ్ళమన్నాను. నిమ్మరసం కొట్టు దాకా కూడా నడవలేకపోయాను."

కాసేపు ఊపిరి తీసుకుంటున్న చప్పుడొక్కటే వినిపించింది. తర్వాత ఇంకో రకంగా, కొంచెం మెచ్చుకోలుగా, "ఎంత బాగా చేశారమ్మా నిన్ను, గోళ్ళు కూడా..." అని ఆగిపోయింది.

చెయ్యి ముట్టుకుందని నాకు అర్థమైంది. తెర తీసుకుని వెళ్ళాను.

పొట్టిగా, బొద్దుగా, ఎర్రగా కమిలిన మొహంతో ఒకావిడ, ఎండ టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. తన చేతిని తనే చూసుకుంటోంది.

"బొమ్మ కాదమ్మా," అన్నాను. "మా అత్తగారు. తెల్లవారుజామున పోయింది."

ఆవిడ అరవలేదు. లేవబోయింది, కాలు సహకరించలేదు, మళ్ళీ కూలబడింది. సిలువ గుర్తు వేసుకుంది. క్షమించమని మెల్లగా, ఊపిరాడనట్టు అడుగుతూనే బూట్ల కోసం కుర్చీ కింద తడుముకుంటోంది. ఒక బూటు మంచం కిందికి పోయింది. వంగి తియ్యలేక, వదిలేసి వెళ్ళలేక ఆవిడ పడుతున్న అవస్థ చూసి నేనే మోకాళ్ళ మీద కూర్చుని తీశాను. అలా కూర్చున్నదాన్ని లేవలేకపోయాను. మంచం కోడుకు తల ఆనించుకుని అలాగే ఉండిపోయాను. ఏడుపు అప్పుడొచ్చింది. అత్తగారి కోసం వచ్చిందో, అలసటకు వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

ఆవిడ నా తల మీద చెయ్యి వేసింది.

"ఎన్నాళ్ళయిందమ్మా నువ్వు నిద్రపోయి?" అని అడిగింది.

తెలీదన్నాను.

"వెళ్ళి పడుకో. నేను కూర్చుంటా. ఎలాగూ నేను లేవలేను."

పరాయి మనిషి దగ్గర శవాన్ని వదిలి పడుకోవడం ఏమిటని ఊళ్ళో ఎవరైనా అడుగుతారు. ఆ మాట పైకే అన్నాను. నా పేరు పొలెట్, మీ పేరేమిటని అడిగిందావిడ. రెజీన్ అన్నాను. ఇక పరాయి ఏముంది అంది. నీళ్ళ గిన్నెలో తను వేసిన నాణేన్ని రెండు వేళ్ళతో తీసి గౌనుకు తుడుచుకుని, ఆకు రెమ్మ ఎలా పట్టుకోవాలని అడిగింది. చూపించాను. అత్తగారి మీద నాలుగు చుక్కలు చల్లింది. నేను లోపలి గదిలోకి వెళ్ళి, బూట్లు కూడా విప్పకుండా పడ్డాను.

కల కూడా లేని నిద్ర. మెలకువ వచ్చేసరికి కిటికీ సందులోంచి పడే వెలుగు గోడ మీద పైకి పాకింది. పక్క గదిలో మగగొంతు వినిపిస్తోంది. ఉర్బేన్ వచ్చాడనుకున్నాను, కాదు. గుక్క తిప్పుకోకుండా, కానీ గుసగుసగా, చర్చిలో మాట్లాడినట్టు మాట్లాడుతున్నాడు. పెళ్ళాం కనిపించక ఊరంతా తిరిగాడట. నిమ్మరసం కొట్టులో అడిగాడట, కింద కారు దాకా దిగి మళ్ళీ పైకి వచ్చాడట. చివరికి తెరిచిన తలుపులోంచి ఆవిడ టోపీ కనిపించిందట. శవం దగ్గర ఎందుకు కూర్చున్నావని అడగలేదు. ఆవిడ రెండు ముక్కల్లో చెప్పగానే ఆయన టోపీ తీసి పక్కన కూర్చున్నాడని తర్వాత తెలిసింది. కూర్చుని, బురుజు మీద నుంచి ఏం కనిపించిందో చెప్పడం మొదలుపెట్టాడు.

"పట్టాలు కనిపిస్తున్నాయి పొలెట్. నది పక్కన, మలుపు దగ్గర. నేను హారన్ కొట్టే చోటు ఉంది చూడు, అదే. ఇన్నేళ్ళూ అక్కడి నుంచి దీన్ని చూశానా, ఇవాళ దీని మీద నుంచి దాన్ని చూశాను. రేపు పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు నిన్ను తీసుకెళ్తా. నువ్వూ చూడాలి."

"నేను ఎక్కను నార్బెర్," అంది ఆవిడ.

"రేపటికి నొప్పి తగ్గుతుందిలే."

"తగ్గదు. ఈ మోకాలు చలికాలం నుంచీ ఇంతే. కోసి సరిచెయ్యాలన్నాడు డాక్టరు."

"చలికాలం నుంచా?"

"ఊఁ."

"మరి నిన్న నాజాక్ ఎలా ఎక్కావు?"

"ఏడ్చుకుంటూ ఎక్కాను. నువ్వు ముందు నడుస్తున్నావు."

నేను మంచం మీద లేచి కూర్చున్నాను. వాళ్ళకు వినపడేలా దగ్గుదామా అనుకున్నాను గానీ, అది దగ్గే సమయం కాదనిపించింది.

"నాకెందుకు చెప్పలేదు?" అని అడిగాడాయన.

"చెబితే ఇంటికి తీసుకెళ్తావు. ఇంట్లో నువ్వు మాట్లాడవు."

కుర్చీ జరిగింది. బయటికి వెళ్ళిన అడుగులు వినిపించాయి. నేను వెళ్ళేసరికి పొలెట్ ఒక్కతే కూర్చుని ఉంది. కొవ్వొత్తి మార్చి ఉంది, ఈగలు వాలకుండా చేతిరుమాలుతో విసురుతోంది. తలుపులోంచి ఆయన వీపు కనిపిస్తోంది. పొడుగ్గా, సన్నగా, నెత్తి మీద ఎండ కొడుతున్నా సందు మధ్యలో నిలబడి గోడను చూస్తున్నాడు.

"కోపం వచ్చిందా ఆయనకు?" అన్నాను.

"తెలీదు. కోపం వచ్చినా చెప్పడుగా," అంది పొలెట్.

అంతలో ఉర్బేన్ వచ్చాడు. పెట్టె తెచ్చిన బండి కింది ద్వారం దగ్గరే ఆగిపోయింది, మా సందులోకి గాడిద తప్ప ఏదీ రాదు. పెట్టెల కొట్టు నుంచి వచ్చినవాళ్ళు ఇద్దరే. ఉర్బేన్‌తో ముగ్గురు. మెట్ల మలుపు దగ్గర నాలుగో మనిషి లేకపోతే పెట్టె తిరగదు. మదాం కజాల్ కొడుకును పిలుద్దామంటే పొలంలో ఉన్నాడు. ఉర్బేన్ మొహం చూస్తే జాలేసింది. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు, ఏ ఆఫీసులో ఎంతసేపు నిలబెట్టారో చెప్పడం మొదలుపెట్టి మధ్యలో మానేశాడు. పోయింది ఆయన తల్లి, ఆ సంగతి తలుచుకోవడానికి కూడా ఆ రోజు తీరిక దొరకలేదు.

"నేను పడతాను," అన్నాడు నార్బెర్ సందులోంచి.

ఎవరీయన అన్నట్టు ఉర్బేన్ నన్ను చూశాడు. మనవాళ్ళే అన్నాను. అంతకంటే వివరంగా చెప్పే ఓపిక లేదు.

నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఖాళీ పెట్టే అయినా ఓక్ చెక్క, బరువెక్కువ. వాళ్ళు పైకి వస్తుంటే కోట చూసి దిగేవాళ్ళు ఎదురొచ్చారు. కొందరు గోడకు అంటుకుని నిలబడి దారిచ్చారు. ఒకాయన మాత్రం కెమెరా కంటికి పెట్టుకుని, దారికి అడ్డంగా వెనక్కి నడుస్తూ తీస్తున్నాడు. వేసవిలో మా ఊళ్ళో పాతకాలపు వేషాలు కట్టి ఊరేగింపు జరుపుతారు. అదే అనుకున్నట్టున్నాడు. చెమట పట్టినట్టు ఎంత బాగా నటిస్తున్నారో చూడమని పక్కనున్న పిల్లకు చెబుతున్నాడు.

నార్బెర్ ఆగాడు. ఆయన ఆగితే మిగతా ముగ్గురూ ఆగాల్సి వచ్చింది.

"ఇది నాటకం కాదు," అన్నాడు. "పైన ఒకావిడ చనిపోయింది. టోపీ తియ్యండి."

గొంతు పెంచలేదు. ఆ మనిషి కెమెరా దించి టోపీ తీశాడు. కింది నుంచి పైదాకా సందులో ఉన్నవాళ్ళందరూ ఒక్కొక్కరే టోపీలు తీశారు. అత్తగారు తన జీవితంలో ఎన్నడూ అంతమంది చేత టోపీ తీయించుకోలేదు. ఆవిడ ఉంటే, ఎండదెబ్బ తగులుతుంది పెట్టుకోండర్రా అనేది.

ఆ సాయంత్రం మా వంటింట్లో నలుగురం వెల్లుల్లి సూపు తాగాం. మదాం కజాల్ శవం దగ్గర కూర్చుంది. వెళ్తామని వాళ్ళు రెండుసార్లు లేచారు, ఉర్బేన్ రెండుసార్లూ గ్లాసుల్లో వైను పోశాడు. రొట్టె ముక్కలు సూపులో నానుతుంటే చూస్తూ కూర్చున్నాం. చివరికి నార్బెర్, మీ అమ్మగారికి ఈ కోట గురించి చాలా తెలిసి ఉంటుంది కదా అని ఉర్బేన్‌ను అడిగాడు.

"మా అమ్మ కోటలోకి ఎప్పుడూ వెళ్ళలేదు," అన్నాడు ఉర్బేన్.

నార్బెర్ చెంచా దించాడు. "ఎప్పుడూనా? మీ ఇంటి గోడ కోట గోడే కదా."

"పెళ్ళై వచ్చినప్పటి నుంచీ ఇక్కడే. ఒక్కసారి కూడా పోలేదు. పైన ఏముంది, రాళ్ళు. కింద ఆవులున్నాయి, అనేది. వచ్చేపోయేవాళ్ళను గుమ్మంలో కూర్చుని చూసేది. దిగి వచ్చేవాళ్ళను ఆపి పైన ఏముందని అడిగేది. చెప్పించుకునేది. కోట మొత్తం అలాగే చూసింది."

నార్బెర్ నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. బల్ల కింద పక్క కుర్చీ మీద చాపి ఉన్న పొలెట్ కాలు వైపు చూశాడు. మోకాలు వాచి ఉంది, నేను తడిగుడ్డ చుట్టాను. ఆయన ఆ గుడ్డ తీసి, తొట్టి దగ్గరికి వెళ్ళి చల్లనీళ్ళలో ముంచి పిండి, మళ్ళీ తెచ్చి చుట్టాడు. గట్టిగా చుట్టాడేమో, ఆవిడ మొహం ముడుచుకుంది. వదులు చేసి మళ్ళీ చుట్టాడు.

"ఎల్లుండి పెన్ కోట చూద్దామనుకున్నాం," అన్నాడు ఎవరితోనో అన్నట్టు.

"నువ్వు ఎక్కు," అంది పొలెట్. "నేను కింద కూర్చుంటా. దిగి వచ్చి చెప్పు."

"కూర్చుని వింటావా?"

"నేను ఎప్పుడైనా విననన్నానా?"

ఆయన తన గ్లాసులో మిగిలిన వైను ఆవిడ గ్లాసులో పోశాడు.

మర్నాడు అంత్యక్రియల దాకా ఉన్నారు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ మా పాదిరిగారే చూసుకోవాలి, అందుకని బాగా ఆలస్యంగా వచ్చి తొందరగా కానిచ్చాడు. నార్బెర్ మళ్ళీ పెట్టెకు ఒక మూల పట్టాడు. పొలెట్ చర్చిలో వెనక బెంచీ మీద కాలు చాపుకుని కూర్చుంది. వెళ్ళేటప్పుడు నా రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుని, నిద్రపో రెజీన్ అంది. ఆ చలికాలమంతా నేను అదే చేశాను. పడుకుంటే లేవబుద్ధి అయ్యేది కాదు. అర్ధరాత్రి ఎవరో పిలిచినట్టు ఉలిక్కిపడి లేవడం పోవడానికి మాత్రం ఇంకా చాలా కాలం పట్టింది.

ఆ తర్వాతి వేసవిలో వాళ్ళు మళ్ళీ వచ్చారు. పొలెట్ మోకాలు కోయించుకుంది, చేతిలో కర్ర ఉంది. మెట్లు ఎక్కగలవా అంటే, డాక్టరు ఎక్కవచ్చన్నాడు, నేనే ఎక్కనన్నాను అంది. నార్బెర్ ఒక్కడే కోటకు వెళ్ళాడు. మేమిద్దరం వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచాం. ఆవిడ అత్తగారి గురించి అడిగింది, నేను చెప్పాను. వాళ్ళమ్మ గురించి ఆవిడ చెప్పింది. ఎక్కువ సేపు ఊరికే ఒలిచాం.

ఎండ వాలాక నార్బెర్ దిగి వచ్చాడు. కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చుని, ఉత్తరపు గోడ కొంత కూలిందనీ, కూలిన చోట లోపలి మెట్లు బయటపడ్డాయనీ చెప్పడం మొదలుపెట్టాడు. ఆ మెట్లు ఎటు తిరుగుతాయో చూపించడానికి నా చిక్కుడుకాయలు బల్ల మీద వరుసగా పేర్చాడు. పొలెట్ కాసేపు ఊఁ కొట్టింది. తర్వాత ఊఁ కొట్టడం ఆగింది. చూస్తే, గడ్డం గుండెల మీదికి వాలింది, నిద్రపోతోంది.

ఆయన ఆగిపోతాడనుకున్నాను. ఆగలేదు. గొంతు కొంచెం తగ్గించి, ఆవిడ మొహం చూస్తూ, మిగతాది చెప్పడం పూర్తి చేశాడు.